తక్కినవియు మీరె: ఒక సదస్సు పద్యానికి టీకా తాత్పర్యాలు

అవతారిక

ఒకానొక డిగ్రీ కళాశాల తెలుగు శాఖవారు రెండు రోజుల జాతీయ సదస్సు తలపెట్టారు. ఆహ్వానపత్రికలో ఎవరి పేరు ఎవరి పేరుకు పైన ఉండాలన్న దాని మీద వాదోపవాదాలు జరిగాయి. భోజనంలో పులిహోరా, బిరియానీయా అన్నదాని మీద ఉపసంఘం కూర్చుంది. ధ్వని, దృశ్య విభాగం మాత్రం ఒక్క పద్యంతో తేలిపోయింది. పద్యవిద్యలో చేయి తిరిగిన కన్వీనరుగారు మైకుసెట్టు యజమానికి వాట్సాప్‌లో పంపిన ఆటవెలది అది. బదులుగా ఆయన బొటనవేలి బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నాడు. ఆ బొమ్మకు ‘ఒప్పుకున్నాను’ అని కన్వీనరు అర్థం చెప్పుకున్నారు. ‘చూశాను’ అని ఆయన ఉద్దేశం. ఈ రెండర్థాలకూ మధ్య పెద్ద సందు ఉన్నందువల్ల వ్యాఖ్యానం అవసరమైంది.

కాళిదాసుకు సంజీవని రాసిన కోలాచల మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ప్రతిజ్ఞ చేశాడు. మెదక్ జిల్లా కొల్చారం ఆయన ఊరంటారు. అంత దగ్గరి పెద్దాయన మాట దాటడం తప్పే. కానీ ఆయనకు దొరికింది కాళిదాసు, మనకు దొరికింది కన్వీనరు. ఈ మూలంలో ఉన్నవి నాలుగు వస్తువులు, సదస్సు నడిచేది మూలంలో లేని వస్తువులతో. కనుక ప్రతిజ్ఞను తిరగేసి, ప్రధానంగా మూలంలో లేనిదే రాస్తున్నాను.

మూలం

మైకులేమొ రెండు, మంచి తెర యొకటి,
బొమ్మలేయు పెట్టె పూటకద్దె,
సదసు నాటికన్ని సవ్యముగ నమర,
తక్కినవియు మీరె తగిన రీతి.

ప్రతిపదార్థం

మైకులు ఏమొ = మైకులైతే; రెండు = రెండు మాత్రమే; మంచి తెర = ముడతలు లేని తెల్లని తెర; ఒకటి = ఒకటి; బొమ్మలు ఏయు పెట్టె = ప్రొజెక్టరు; పూటకు అద్దె = ఒక పూట కిరాయికి; సదసు నాటికి = సదస్సు రోజుకు; అన్ని = అన్నియును; సవ్యముగన్ = సరిగా; అమరన్ = కుదురునట్లు; తక్కినవియు = మిగిలినవి కూడా; మీరె = మీరే; తగిన రీతి = తగిన విధముగా.

క్రియ ఎక్కడ అని వెతకవద్దు. దాని సంగతి దాని చోట చెబుతాను.

వ్యాఖ్య

మైకులేమొ రెండు. వేదిక మీద కూర్చునేవారు ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, అధ్యక్షుడు, కీలకోపన్యాసకుడు, ప్రిన్సిపాల్, కన్వీనరు. పోడియానికి ఒక మైకు పోతే, మిగిలిన ఒక్కటి బల్ల మీద ఈ చివరి నుంచి ఆ చివరికి పూలగుచ్ఛాల మీదుగా ప్రయాణం చేస్తుంది. సభలో ప్రశ్న అడిగేవాళ్ళకు ఏమీ లేదు.

ఇక్కడ పూర్వపక్షం: “నాకు మైకు అక్కర్లేదండీ, నా గొంతు చాలు” అనే ప్రతినిధి ప్రతి సదస్సులోనూ లేస్తాడు. నిజమే, ఆయన గొంతు హాలుకు చాలు. జూమ్‌లో వింటున్నవారికి మాత్రం ఆయన పెదవులు కదుపుతున్న మనిషే. రికార్డింగులో ప్రశ్న ఉండదు, దానికి అధ్యక్షుడు చెప్పిన సుదీర్ఘమైన జవాబు మాత్రం ఉంటుంది. కనుక ‘రెండు’ అన్నచోట ‘కనీసం నాలుగు’ అని గ్రహించాలి: పోడియానికి ఒకటి, వేదిక బల్లకు రెండు, సభలో తిప్పడానికి ఒక కార్డ్‌లెస్. ఆ కార్డ్‌లెస్‌ను పట్టుకుని పరుగెత్తడానికి ఒక విద్యార్థి, దానిలో రోజూ పొద్దున మార్చడానికి కొత్త సెల్లులు. కార్డ్‌లెస్‌లు రెండైతే రెండూ వేరు వేరు ఫ్రీక్వెన్సీల మీద ఉన్నాయో లేదో ముందే చూడాలి. ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఉంటే ఒకదాని మాట ఇంకొకటి మింగుతుంది.

సంఖ్య సరిపోయాక జాతి. చేత్తో పట్టుకునేది సాధారణంగా డైనమిక్ మైకు. 1966లో వచ్చిన ష్యూర్ ఎస్ఎం58 ఈ జాతికి చెందినదే. పోడియం మీద హంసమెడలా వంగి ఉండే సన్నటి మైకు చాలాచోట్ల కండెన్సర్ జాతిది. దానికి మిక్సరు నుంచి తీగ గుండానే 48 వోల్టుల విద్యుత్తు అందాలి. మిక్సరు మీద ఆ మీట నొక్కకపోతే హంస నోరు విప్పదు, అతిథి దాన్ని వేలితో టకటకా కొడతాడు, ఊదుతాడు. ఊదడంవల్ల మైకు పనిచేసినట్టు శాస్త్రంలో ఎక్కడా లేదు.

ఇక కూత. మైకు కూత పెట్టగానే సభంతా మైకతని వైపు తిరిగి చూస్తుంది. ఇది అన్యాయం. స్పీకరు బాక్సులోంచి వచ్చిన ధ్వని మళ్ళీ మైకులో పడి, యాంప్లిఫయరులో పెరిగి, మళ్ళీ బాక్సులోంచి వచ్చి, మళ్ళీ మైకులో పడుతుంది. చుట్టు తిరిగినప్పుడల్లా పెరిగితే కూత, తరిగితే శాంతి. డెన్మార్క్ భౌతికశాస్త్రవేత్త సోరెన్ లార్సెన్ పేరుతో దీన్ని లార్సెన్ ఎఫెక్ట్ అంటారు. మన సభల్లో దీనికి కారకుడు వక్తే. నోటికీ మైకుకూ మధ్య దూరం రెట్టింపైనప్పుడల్లా మైకుకు అందే ధ్వని సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది. వక్త వినయంతో ఒక అడుగు వెనక్కి జరుగుతాడు, వెనక వరుస “వినబడ్డంలే” అంటుంది, మైకతను పెంచుతాడు, కూత పుడుతుంది. మరికొందరు మైకు తలను గుప్పిట్లో మూసి పట్టుకుంటారు. ఎదుటి ధ్వనిని తీసుకుని వెనక ధ్వనిని వదిలేసే గుణం ఆ తల మీది జాలీ తెరిచి ఉంటేనే పనిచేస్తుంది. గుప్పిట మూస్తే అది పోయి, నాలుగు దిక్కుల శబ్దమూ లోపలికి వస్తుంది. బాక్సులు వక్తకు ముందు, సభ వైపు తిరిగి ఉండాలి. వేదిక అందం కోసం వాటిని వెనక బ్యానరు పక్కకు జరిపించే అలంకరణ సంఘాన్ని ఆ ఉదయం వేదిక ఎక్కనివ్వకూడదు.

మంచి తెర యొకటి. అకౌంట్స్ విభాగం వారి ప్రతిలో ‘మంచి గోడ యొకటి’ అని పాఠాంతరం ఉంది. గణాలు సరిపోయాయి, యతి చెడలేదు, ఖర్చు తగ్గింది. అయినా గ్రాహ్యం కాదు. కళాశాల గోడలు లేత పసుపు, వాటి మీద పటాలు తీసేసిన మేకులు ఉంటాయి. తెర ఉన్నా అడుగు అంచు నేలకు కనీసం నాలుగడుగుల ఎత్తున లేకపోతే కింది రెండు పంక్తులను ముందువారి తలలు చదువుకుంటాయి. తెర 4:3 కొలతదా, 16:9 కొలతదా అని పత్రసమర్పకులకు ముందే చెప్పాలి. ఒకదాని బొమ్మను ఇంకొకదానికి సాగదీస్తే గురజాడవారు కూడా ఒళ్ళు చేస్తారు.

బొమ్మలేయు పెట్టె. ‘ప్రొజెక్టరు’ అన్న మాట ఆటవెలదిలో సులువుగా ఇమడదు గనుక కవి ఇలా డొంకతిరుగుడుగా చెప్పవలసి వచ్చింది. హాలులోనూ అది సులువుగా ఇమడదు. మామూలు ప్రొజెక్టరు పదడుగుల వెడల్పు బొమ్మ వేయాలంటే దాని దూరానికీ బొమ్మ వెడల్పుకూ ఉన్న నిష్పత్తి 1.5 అయినప్పుడు పదిహేనడుగుల దూరంలో ఉండాలి. మన హాళ్ళలో సరిగ్గా ఆ దూరాన సోఫాలు ఉంటాయి, సోఫాల్లో వదాన్యులు ఉంటారు. పెట్టెను ముందుకు తెస్తే బొమ్మ చిన్నదవుతుంది, వెనక్కి తోస్తే వదాన్యుడి తలనీడ తెర మీద పడుతుంది. పైకప్పుకు బిగించిన ప్రొజెక్టరు ఉన్న హాలు దొరికితే మిగతా లోపాలు క్షమించవచ్చు.

వెలుగు మాట. 3000 ల్యూమెన్ల ప్రొజెక్టరు మూడు మీటర్ల వెడల్పు 16:9 తెర నిండా పరుచుకుంటే చదరపు మీటరుకు దక్కేది సుమారు 600 ల్యూమెన్లు. తెర పక్కన కిటికీ తెరిచి ఉంటే పగటి వెలుగు కూడా అంత ఇవ్వగలదు. అప్పుడు తాళపత్రం ఫొటో తెల్లకాగితం ఫొటో అవుతుంది. ఎక్కువ ల్యూమెన్ల పెట్టెకు అద్దె పెంచేకంటే ముందు కిటికీకి పరదా కొనడం చవక. కవి పరదా ఊసెత్తలేదు. అది ‘తక్కినవియు’లో చేరుతుంది.

ఇక పెట్టెకూ లాప్‌టాప్‌కూ మధ్య తీగ. పాత ప్రొజెక్టరుకు వీజీఏ, 15 పిన్నులు. తర్వాతి వాటికి హెచ్‌డీఎంఐ, 19. హైదరాబాదు నుంచి వచ్చిన యువ ఆచార్యుడి పలుచటి లాప్‌టాప్‌కు యూఎస్‌బీ-సీ ఒక్కటే, 24. వీటికి సంధి జరగదు. సంధి లేనిచోట యడాగమం వచ్చినట్టు ఇక్కడ కన్వర్టరు రావాలి, అదీ ఒకటి కాదు, ప్రతి రకానికీ ఒకటి. వీజీఏ పుట్టింది 1987లో. పవర్‌పాయింటు తొలిసారి బజారులోకి వచ్చింది ఆ ఏడే, వచ్చింది ఆపిల్ మెకింతోష్ కోసం. ఈ పెట్టెకు ఈ తీగ పట్టదన్న గొడవ పుట్టుకతో వచ్చిందే.

తెలుగు సదస్సులకు ప్రత్యేకమైన ఆపద ఇంకొకటి ఉంది. పత్రాన్ని అను ఫాంట్‌లో టైపు చేయించుకున్న పెద్దాయన తన పెన్‌డ్రైవును హాలు లాప్‌టాప్‌లో పెడతాడు. ఆ లాప్‌టాప్‌లో అను ఫాంట్లు ఉండవు. ‘నన్నయ భాషాసేవ’ అన్న శీర్షిక బదులు ఇంగ్లిషు అక్షరాలూ ఆశ్చర్యార్థకాలూ కలిసిన మంత్రమేదో తెర మీద వెలుస్తుంది. తెలుగుకు యూనికోడ్‌లో 1991 నుంచి చోటుంది. అయినా డీటీపీ కుర్రవాడి అలవాటును ఎవరూ మార్చలేరు. అందుకని ప్రతి పత్రాన్నీ ముందురోజే పీడీఎఫ్‌గా తెప్పించుకుని హాలు లాప్‌టాప్‌లోనే ఎక్కించి, వక్తల వరుసలో అంకెలు వేసి ఉంచాలి. “నా లాప్‌టాప్‌లోంచే చూపిస్తాను” అనేవారికి కన్వర్టరు చూపించి, నమస్కారం పెట్టి, పీడీఎఫ్ అడగాలి.

పూటకద్దె. పూట అంటే మధ్యాహ్న భోజనం దాకానా, సమాపన సభ దాకానా అన్నది రాతలో ఉండాలి. సమాపన సభ ఏ సదస్సులోనూ చెప్పిన వేళకు ముగియదు. అద్దెలో మనిషి కూడా ఉన్నాడా లేక పెట్టె ఒక్కటేనా? దీని మీద ఇంతకన్నా చెప్పను.

సదసు నాటికి. ‘నాటికి’ అన్నప్పుడు ముందురోజు సాయంత్రానికి అని తీసుకోవాలి. సదస్సు ఉదయం అమర్చిన మైకు సదస్సు ఉదయమే నేర్చుకుంటుంది. పైగా ఖాళీ హాలులో సరిచేసిన ధ్వని నిండు హాలులో అలాగే ఉండదు. జనం, బట్టలు ధ్వనిని పీల్చుకుంటాయి, గోడల మీంచి ప్రతిధ్వని తగ్గుతుంది. ముందురోజు సిద్ధం చేసినా ప్రార్థనాగీతం వేళ మైకతని చేయి మిక్సరు మీదే ఉండాలనడానికి కారణం ఇదే. హాలు పొడవై, వెనక అదనపు బాక్సులు పెడితే మరో చిక్కు. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లే నడుస్తుంది. ముందు బాక్సు మాట ముప్ఫై మీటర్ల వెనక్కి చేరేసరికి దాదాపు 90 మిల్లీసెకన్లు అవుతుంది, వెనక బాక్సు అదే మాటను అప్పటికే చెప్పేసి ఉంటుంది. వెనక వరుసకు ప్రతి మాటా రెండుసార్లు. వెనక బాక్సును అంతే సేపు ఆలస్యం చేయించే ఏర్పాటు ఇప్పటి డిజిటల్ మిక్సర్లలో ఉంది, అడిగితే చేస్తారు.

తక్కినవియు. పద్యానికి ప్రాణం ఈ మాట. కవి నాలుగు వస్తువులు లెక్కపెట్టి నలభై వస్తువులను ఈ ఐదక్షరాల్లో దాచాడు.

వాటిలో మొదటిది కరెంటు. ప్రొజెక్టరు, లాప్‌టాప్, యాంప్లిఫయరు, అతిథి సెల్‌ఫోను ఛార్జరు, అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులోంచి తాగుతాయి. లాప్‌టాప్ శబ్దం తీగను మిక్సరుకు తగిలించగానే ‘గుయ్య్’మని మోత వస్తే ఛార్జరు ఊడదీసి చూడాలి. మోత ఆగితే అది ఎర్తింగు దోషం, మన 50 హెర్ట్‌జ్ విద్యుత్తు పాడే పాట. కరెంటు పోయి జనరేటరు అందుకునే కొద్ది సెకన్లలో మైకుకు పెద్దగా నష్టం లేదు, వెంటనే లేస్తుంది. బల్బు ప్రొజెక్టరు అలా లేవదు. వేడి చల్లారేదాకా వెలగనంటుంది, ఆ నిమిషాలు కవిత్వంతో నింపడానికి ఎవరో ఒకరు వేదిక ఎక్కుతారు. ప్రొజెక్టరుకూ లాప్‌టాప్‌కూ ఒక యూపీఎస్ పెడితే ఆ కవిత్వం తప్పుతుంది.

రెండవది వీడియో. “ఇప్పుడొక చిన్న వీడియో చూద్దాం” అన్న వాక్యం పలికాక బొమ్మ కదులుతుంది, మాట వినబడదు. లాప్‌టాప్ నుంచి మిక్సరుకు ఆడియో తీగ వేయమని ఎవరూ చెప్పలేదు. హెచ్‌డీఎంఐ శబ్దాన్ని కూడా మోసుకుపోయి ప్రొజెక్టరులోని బుల్లి స్పీకరుకు అప్పగించింది, అక్కడ అది దోమలా పాడుతోంది. అప్పుడు కన్వీనరుగారే స్వయంగా వచ్చి పోడియం మైకును వంచి లాప్‌టాప్ నోటి దగ్గర పెడతారు. ఈ దృశ్యం చూడని తెలుగు పరిశోధక విద్యార్థి ఉన్నాడంటే నమ్మను.

మూడవది, డల్లాస్ నుంచి ఆన్‌లైన్‌లో మాట్లాడే ప్రవాస సాహితీవేత్త. ఆయన గొంతు హాలులో వినబడాలి. హాలు మాటలు ఆయనకు వినబడాలి. ఆయన గొంతు మాత్రం తిరిగి ఆయనకే పోకూడదు. మిక్సరు నుంచి జూమ్‌కు పంపే ధారలో ఆయన ధ్వనిని మినహాయించాలి. ఇది మైకతనితో మాట్లాడవలసిన విషయం, కంప్యూటరు ల్యాబు సారుతో మాత్రమే మాట్లాడి ఊరుకుంటారు. ఉత్సాహవంతుడైన విద్యార్థి ముందు వరుసలో అదే సమావేశాన్ని తన లాప్‌టాప్‌లో తెరిచి స్పీకరు పెట్టాడా, పైన చెప్పిన లార్సెన్ మళ్ళీ వస్తాడు. ఇంటర్నెట్‌కు తీగ కావాలి. వైఫై మీద సభలోని ఫోన్లన్నీ ఉంటాయి, పైగా మనకు ముఖ్యం దింపుకునే వేగం కన్నా ఎక్కించే వేగం.

మీరె. ఏకారం అవధారణార్థకం. ‘మీరే, మేము కాదు’ అని భావం.

తగిన రీతి. ఇక క్రియ. వాక్యానికి క్రియ లేనప్పుడు అధ్యాహారం చేసుకోవాలి. ఇక్కడ మూడు మతాలున్నాయి. ‘చూచుకొనుడు’ అని కన్వీనరు మతం. ‘భరించుడు’ అని అకౌంట్స్ మతం, కొటేషన్‌లో లేని కన్వర్టర్లకూ పరదాలకూ బిల్లు రానివ్వరాదని వారి ఆశయం. ‘చెప్పుడు’ అని మైకుసెట్టు యజమాని మతం: ఎన్ని మైకులు, ఎవరు ఎక్కడ కూర్చుంటారు, వీడియో ఉందా, జూమ్ ఉందా, చెబితే తెస్తానని.

మూడో మతమే గ్రాహ్యం. ఆ చెప్పవలసినదాన్ని పద్యంగా కాక ఒక తెల్లకాగితం మీద గంటగంటకూ రాయాలి: ఏ వేళకు ఎవరు మాట్లాడతారు, ఏ మైకు, తెర మీద ఏమిటి, శబ్దం ఉందా లేదా. రెండు ప్రతులు తీయించి ఒకటి మిక్సరు దగ్గర, ఒకటి లాప్‌టాప్ దగ్గర అతికించాలి. అలాగే భోజనం టోకెన్ల లెక్కలో మైకతన్నీ అతని హెల్పరునూ చేర్చి, వాళ్ళ వంతు ముందే తినిపించాలి. భోజనానంతర సమావేశంలో మొదటి పత్రానికే వీడియో ఉంది.