మా రోజుల్లో పీహెచ్ ఇలా చూసేవాళ్లం

ఇప్పటి భూసార పరీక్ష ల్యాబుల్లో మీటర్ మీద 8.43 అని, 7.96 అని రెండు దశాంశాలతో అంకె మెరుస్తుంది. అది చూసి మురిసిపోతారు. ఆ అంకె ఇచ్చిన ఎలక్ట్రోడ్ ఎలా ఉందో చూసేవాళ్లు మాత్రం తగ్గిపోయారు. గాజు బుడగ ఎండిపోయి, దాని మీద పాత మట్టి పొరగట్టి ఉన్నా సరే, దానితోనే రైతు పొలం సంగతి తేల్చేస్తున్నారు.

మా రోజుల్లో మీటర్‌కు సూది ఉండేది. గాజు ఎలక్ట్రోడ్ వేరు, కాలొమెల్ ఎలక్ట్రోడ్ వేరు. పొద్దున రాగానే స్విచ్ వేసి మీటర్ వేడెక్కేదాకా ఆగేవాళ్లం. ఆలోగా కాలొమెల్‌లో పొటాషియం క్లోరైడ్ ద్రావణం తగ్గితే పోసి, గాలి బుడగ కనబడితే మెల్లగా తట్టి పైకి పంపేవాళ్లం. ఆ తర్వాత బఫర్లు, అంటే పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలు. 7తో సూదిని సరిచేసి, మన నేలలు చాలావరకు క్షారం వైపే కాబట్టి 9.2తో సరిచూసేవాళ్లం. 9.2 బఫర్ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని దిగిపోతుంది. అందుకే ఏ రోజుది ఆ రోజే పోసుకోవాలి. వాడిన బఫర్‌ను తిరిగి సీసాలో పోస్తే మా ల్యాబు పెద్దాయన ఊరుకునేవారు కాదు.

నీడన ఆరబెట్టి 2 మి.మీ. జల్లెడ పట్టిన మట్టి 20 గ్రాములు, స్వేదన జలం 50 మి.లీ. అరగంట పాటు మధ్యమధ్యలో గాజు కడ్డీతో కలిపి, ఎలక్ట్రోడ్ ముంచే ముందు మరోసారి కలిపేవాళ్లం. బుడగను బీకరు అడుగుకు తగలనిచ్చేవాళ్లం కాదు. ఇసుక గీసుకుంటే ఆ పల్చటి గాజు పాడైపోతుంది. ఒక నమూనా అయ్యాక కడిగి, వడపోత కాగితంతో తడిని అద్దేవాళ్లమే తప్ప రుద్దేవాళ్లం కాదు. రుద్దితే స్థిర విద్యుత్తు పుట్టి రీడింగు నిలవదు.

ఈమధ్య ఒక ల్యాబులో కుర్రాడు ఎలక్ట్రోడ్‌ను చేతిరుమాలుతో గట్టిగా తుడుస్తున్నాడు.

“రాత్రిపూట దేంట్లో పెడతావు బాబూ?” అన్నాను.

“డిస్టిల్డ్ వాటర్‌లో సార్. శుభ్రంగా ఉంటుంది కదా!”

ఆ శుభ్రమైన నీళ్లే దానికి చేటు. మా గాజు ఎలక్ట్రోడ్‌ను నీళ్లలో ఉంచినా చెల్లింది, కాలొమెల్ విడిగా ఉండేది కనుక. ఇప్పుడు రెండూ ఒకే కడ్డీలో ఉన్నాయి. నీళ్లలో వదిలేస్తే లోపలి ఉప్పు బయటికి పోయి ద్రావణం పల్చబడుతుంది. దాన్ని 3 మోలార్ పొటాషియం క్లోరైడ్‌లోనే ఉంచాలి. ద్రావణం పోసుకునే రకమైతే, రీడింగు తీసేటప్పుడు పక్కనున్న రబ్బరు మూత తెరవాలి. లేకపోతే ద్రావణం సరిగా బయటికి ఊరదు.

కొత్త మీటర్‌ను నేను తప్పుపట్టను. మేం థర్మామీటర్ చూసి గుబ్బ తిప్పేవాళ్లం, ఇది ఉష్ణోగ్రతకు తగ్గట్టు తానే సవరించుకుంటుంది. చాలా మీటర్లు స్లోప్ ఎంతో శాతంలో చెబుతాయి కూడా. 25 డిగ్రీల దగ్గర ఒక్క పీహెచ్ తేడాకు సుమారు 59 మిల్లీవోల్టులు రావాలి; అందులో ఎంత శాతం వస్తోందో అదే స్లోప్. స్లోప్ 95 శాతం కిందికి దిగిందంటే ఎలక్ట్రోడ్‌ను శుభ్రం చేయమని అర్థం. 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కాసేపు ముంచి, కడిగి, మళ్లీ పొటాషియం క్లోరైడ్‌లో నానబెడితే చాలాసార్లు కోలుకుంటుంది. ఇంత సదుపాయం ఉండి కూడా ఆ శాతం వైపు చూడకపోవడమే నా బాధ.

పీహెచ్‌లో ఒక్క అంకె తేడా అంటే ఆమ్లగుణంలో పది రెట్ల తేడా. 8.5 దాటితే చౌడేమోనని జిప్సం లెక్క మొదలవుతుంది. 8.2 ఉన్న నేలకు 8.7 అని రాసిస్తే ఆ రైతు లేని జబ్బుకు మందు వెతుక్కోవాలి. 2015 నుంచి సాయిల్ హెల్త్ కార్డు మీద ఆ అంకె అచ్చయి రైతు ఇంటికే వెళ్తోంది.

ల్యాబుల్లో పనిచేసే పిల్లలకు నా మనవి ఒక్కటే. రోజూ మొదటి నమూనా ముట్టుకునే ముందు బఫర్ పెట్టండి, వచ్చిన స్లోప్‌ను పుస్తకంలో రాయండి. రైతులకూ ఒక మాట. మట్టి ఇచ్చేటప్పుడు “ఇవాళ బఫర్ చూశారా?” అని అడగండి. అడగడం మీ హక్కు.