మా బోరుకున్న రూలు మీ బోరుకు లేదా?

మహారాజశ్రీ కేంద్ర పెట్రోలియం, సహజవాయు శాఖ మంత్రిగారికి,

శ్రీ సత్యసాయి జిల్లా ఆమడగూరు మండలం నుంచి ఒక శెనక్కాయ రైతు నమస్కరించి రాసుకునే బహిరంగ లేఖ.

అయ్యా, మా మండలానికి సముద్రం లేదు. చెరువు నిండితే అదే మాకు సముద్రం. అలాంటి ఊరివాడికి కాకినాడ తీరంలో నూనె గొడవ ఎందుకని మీ కార్యదర్శులు నవ్వుకోవచ్చు. నవ్వుకోనివ్వండి. కానీ బోర్ల సంగతిలో మమ్మల్ని తక్కువ చేయొద్దు. వెయ్యి అడుగులు దింపి దుమ్ము తప్ప ఏమీ చూడనివాళ్లు మా దగ్గర వీధికి ఇద్దరున్నారు.

మా బోరుకు రూళ్లున్నాయి. వాల్టా చట్టం కింద అనుమతి కావాలి. బోరు బండికి రిజిస్ట్రేషను ఉండాలి. నీళ్లు పడకపోతే నోరు మూసెయ్యాలి. పసిపిల్లలు పడిపోతున్నారని 2010 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఈ మాట గట్టిగానే చెప్పింది. మూయలేదంటే ముందు నిలదీసేది పొలం గలవాణ్ణే. అరచేతిలో టెంకాయ పెట్టుకుని పాయింటు చూపినాయన అప్పటికి ఇంకో ఊళ్లో ఉంటాడు. అడుగుకు ఇంతని లెక్కగట్టి తీసుకున్న బండివాళ్లు జిల్లా దాటేసి ఉంటారు.

అదే ఏడాది ఏప్రిల్ 20న గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో బీపీ కంపెనీ బోరు ఒకటి నోరు తెరిచింది. డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు పేలి 11 మంది చచ్చిపోయారు. 87 రోజుల పాటు సముద్రంలోకి నూనె కారుతూనే ఉంది. అమెరికా ప్రభుత్వ అంచనా ప్రకారం 49 లక్షల పీపాలు. సెనేట్ విచారణకు పిలిస్తే బీపీ రిగ్గు యజమాని ట్రాన్సోషన్ వైపు చూపించింది. ట్రాన్సోషన్ బావి గలవాణ్ణి అడగమంది, సిమెంటు సంగతీ ఎత్తింది. సిమెంటు పోసిన హాలిబర్టన్ మేం చెప్పినట్టే చేశామంది. చదువుతుంటే మా పొలం గట్టు మీద పంచాయితీ విన్నట్టే ఉంది, కాకపోతే వాళ్లు కోట్లు వేసుకున్నారు.

చివరికి బీపీ 11 మంది మరణాలకు కంపెనీగా నేరం ఒప్పుకుంది, తర్వాత 2,080 కోట్ల డాలర్లకు ప్రభుత్వాలతో రాజీపడింది. మనిషన్నవాడు ఒక్కడూ జైలుకు పోలేదు.

ఆ కథ మనకెందుకంటే, ఆ ప్రమాదానికి ఏడాది తిరక్కముందే, 2011 ఫిబ్రవరిలో, అదే బీపీ మన కృష్ణా-గోదావరి తీరపు సముద్రంలోని కేజీ-డీ6 బ్లాకులో వాటాకు రిలయన్స్‌తో ఒప్పందం చేసుకుంది. కేంద్ర ప్రభుత్వమే ఒప్పుకుంది. అక్కడ కొన్నిచోట్ల నీటి లోతే కిలోమీటరు దాటుతుంది. ఆ తీరంలోనే రవ్వ క్షేత్రం నుంచి 1993లోనే ముడిచమురు మొదలైంది. 2024 జనవరి 7న ఓఎన్‌జీసీ కూడా 98/2 బ్లాకులో లోతు నీళ్ల నుంచి నూనె తీసింది. గ్యాసు కారితే గాల్లో కలుస్తుందని సరిపెట్టుకోవచ్చేమో, నూనె అలా పోదు. ఒడ్డు వెతుక్కుంటూ వస్తుంది. అక్కడ కోరింగ మడ అడవులున్నాయి, తాబేళ్లు గుడ్లు పెట్టే హోప్ ఐలండ్ ఉంది. గోదావరికి ఎదురెక్కే పులస కూడా ఆ నీళ్లలోంచే రావాలి. మీ ఢిల్లీ అతిథులకు కనీసం పులస సంగతైనా తెలిసే ఉంటుంది.

ఇప్పుడు అసలు మాట. సముద్రంలో బోర్లకు లైసెన్సిచ్చేది మీ ప్రభుత్వం. వచ్చిన దాంట్లో వాటా తీసుకునేదీ మీరే. ఓఎన్‌జీసీలో పెద్ద వాటా మీదే. ఆ బోర్లు భద్రంగా ఉన్నాయో లేదో చూసే ఆయిల్ ఇండస్ట్రీ సేఫ్టీ డైరెక్టరేటు కూడా మీ శాఖ కిందే పనిచేస్తుంది. అమెరికాలోనూ ఇలాగే ఉండేది. రాయల్టీ వసూలు, తనిఖీ ఒకే ఆఫీసు చేతిలో పెట్టుకున్నారు. ప్రమాదం తర్వాత సిగ్గుపడి, 2011 అక్టోబరుకల్లా లీజులిచ్చేవాళ్లను, తనిఖీ చేసేవాళ్లను, డబ్బు వసూలు చేసేవాళ్లను విడదీశారు. మీరు విడదీయడానికి మాత్రం ఇంకా ప్రమాదం రాలేదు.

చట్టం కూడా మారింది లెండి. 1948 నాటి ఆయిల్‌ఫీల్డ్స్ చట్టంలో రూలు తప్పితే ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా ఉండేవి. 2025 సవరణలో జైలు ఎత్తేసి 25 లక్షల దాకా పెనాల్టీ పెట్టారు. వెయ్యి రూపాయలు నవ్వులాటే, ఒప్పుకుంటాను. కానీ కోట్లు గడించే బావికి 25 లక్షలంటే అది శిక్షా, టోల్‌గేటా?

లెక్క కట్టడం మీకు చేతకాదని నేననను. ఓఎన్‌జీసీ గ్యాసు సముద్రం అడుగున పక్క బ్లాకులోకి జారిందని రిలయన్స్, దాని భాగస్వాముల నుంచి 281 కోట్ల డాలర్లు అడిగారు. వాళ్లు ఒప్పుకోక కోర్టుకెక్కారు, అది వేరే సంగతి. అడుగున కంటికి కనపడకుండా జారిన దానికి అంత చక్కగా లెక్క కట్టినవాళ్లు, నూనె పైకి తేలి వల నల్లబడితే ఎంతో ముందుగా చెప్పలేరా?

ముందుగానే ఎందుకంటే, తర్వాత ఏం జరుగుతుందో చూశాం. 1995 జనవరిలో పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి బ్లోఅవుటై 65 రోజులు మండింది, ఆర్పడానికి అమెరికా నుంచి మనుషుల్ని పిలిపించారు. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్లో గెయిల్ పైపులైను పేలి 20 మందికి పైగా బలైపోయారు. 2017 జనవరి 28న ఎన్నూరు దగ్గర రెండు ఓడలు గుద్దుకుంటే, నూనె కాలుష్యమేమీ లేదని రేవువాళ్లు మొదట ప్రకటన ఇచ్చారు. తర్వాత ఆ లేని నూనెను కాలేజీ పిల్లలు, మత్స్యకారులు బకెట్లతో ఎత్తిపోశారు.

ఓడ నుంచి నూనె కారితే అంతర్జాతీయ ఒప్పందాలున్నాయి, నిధి ఉంది. సముద్రపు బావి నుంచి కారితే ప్రపంచమంతటికీ కలిపి అలాంటి ఒప్పందమే లేదు. 2009లో ఆస్ట్రేలియా సముద్రంలో మోంటారా బావి రెండు నెలలకు పైగా కారింది. సముద్రపు నాచు పండించుకునే ఇండోనేసియా రైతులు కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి 2021లో గెలిచారు, మరుసటి ఏడు రాజీ కుదిరింది. మాలాంటి రైతులే వాళ్లూ. కాకపోతే వాళ్ల మడి నీళ్లలో ఉంటుంది.

మన దగ్గర 1986లోనే ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు జస్టిస్ భగవతి ధర్మాసనం దారి చూపింది. ప్రమాదకరమైన పరిశ్రమ నడిపేవాడు ఏ సాకూ చెప్పకుండా నష్టం కట్టాలి, ఎంత పెద్ద పరిశ్రమైతే పరిహారం అంత పెద్దది. కొత్త చట్టమేమీ రాయక్కర్లేదు, ఈ మాటను సముద్రపు లీజు కాగితాల్లోకి ఎక్కించండి. బావి గలవాడిదే పూచీ అని, బండివాడిమీద, సిమెంటువాడిమీద నెట్టే వీలు లేదని రాయండి. తనిఖీ చేసేవాళ్లను మీ శాఖ నుంచి తప్పించి పార్లమెంటుకు జవాబుదారీ చేయండి. వేట ఆగిన మొదటి వారంలోనే మత్స్యకారుడి ఖాతాలో డబ్బు పడేలా కంపెనీ సొమ్ము ముందే పక్కన పెట్టించండి.

నాకు జవాబు రాయకపోయినా ఫర్వాలేదు. నూనె కారితే ఎవరికి ఫోన్ చేయాలో, ఎవరు వస్తారో, ఎంత ఇస్తారో ఒక కాగితం మీద తెలుగులో అచ్చేయించి ఉప్పాడలో, భైరవపాలెంలో, బలుసుతిప్పలో పంచాయతీ ఆఫీసు గోడకు అంటించండి.

ఇట్లు,
ఆమడగూరు నుంచి, మూడు బోర్లు వేయించి మూడూ మూసినవాడు