23 కిలోల మమకారం

షికాగోలో అమ్మాయికి నెలలు నిండుతున్నాయి. ఇక్కడ అమ్మానాన్నల సూట్‌కేసులు నిండుతున్నాయి. మనిషికి 2 పెట్టెలు, పెట్టెకు 23 కిలోలు. నాన్న పెట్టె ఎత్తుకుని బరువు మిషను ఎక్కుతారు, దింపేసి మళ్లీ ఎక్కుతారు. తేడాయే పెట్టె బరువు. అమ్మ మాత్రం మిషను ఎక్కదు. ఆ అంకె ఇంటి రహస్యం.

24.8 వచ్చింది. ఏం తీయాలి? ఆవకాయ తీయరు, గోంగూర తీయరు, కాయం మందు సంగతి సరేసరి (బాలింతరాలికి మరి!). తీసింది నాన్న స్వెట్టర్. జనవరిలో షికాగో వెళ్లే మనిషి స్వెట్టర్! ‘అక్కడ హీటర్లుంటాయిగా’ అని అమ్మ తీర్పు.

విమానాశ్రయం కాటా ఇంటి మిషను మాట వినలేదు. 23.9. నలుగురి ముందూ పెట్టె విప్పి, ఆవకాయ సీసాను చేతిసంచిలోకి మార్చారు. తనిఖీ దగ్గర కొత్త చిక్కు. చేతిసంచిలో ద్రవాల సీసా 100 మిల్లీలీటర్లు దాటకూడదు. ఆవకాయ ద్రవమా, ఘనమా? ‘ముక్క గట్టిదే నాయనా, నూనె పైకి తేలిందంతే’ అని అమ్మ వాదించింది. నాయన వినలేదు.

ఆరు నెలలకు తిరుగు ప్రయాణం. మళ్లీ 23 కిలోలే. చాక్లెట్లు, బాదంపప్పు, విటమిన్ మాత్రలు, వీటితో పాటు వెళ్లేటప్పుడు పట్టుకెళ్లిన పచ్చళ్ల ఖాళీ డబ్బాలు. మంచి డబ్బాలు, పారేస్తారా ఎవరైనా?

ఇంటికొచ్చాక, నయాగరా ఎలా ఉందని పక్కింటావిడ అమ్మను అడిగింది.

‘నీళ్లు బానే పడుతున్నాయమ్మా. కానీ మన సాగర్ దగ్గర ఎత్తిపోతలే నయం. పులిహోర తినడానికి చెట్టు నీడైనా ఉంటుంది.’