దూరపు పిట్టలు నునుపు

చలికాలపు పక్షిప్రేమికుడు కార్తీకమాసం నుంచి శివరాత్రి దాకా హైదరాబాదు చుట్టుపక్కల చెరువుగట్ల మీద కనిపిస్తాడు. మిగతా కాలమంతా మామూలు గృహస్థు: సాఫ్ట్‌వేరు ఉద్యోగి, రిటైరైన బ్యాంకు అధికారి, లేదా పళ్ల డాక్టరు. ఆదివారం తొమ్మిదైనా దుప్పటి తీయని మనిషి ఈ నాలుగు నెలలూ తెల్లవారుజామున నాలుగున్నరకే లేస్తాడు. ఫ్లాస్కులో టీ పోసిచ్చే బాధ్యత మాత్రం పిట్టల మీద ఏ ఆసక్తీ లేని ఇల్లాలిది.

వేషం ఆకుపచ్చ. చొక్కాకు పదకొండు జేబులుంటే తొమ్మిది ఖాళీ. పక్షుల కంట పడకూడదని మట్టిరంగు టోపీ పెట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్తాడు. సరిగ్గా బాతులు లెన్సుకు అందే దూరంలోకి వచ్చేసరికి జేబులో ఫోను సుప్రభాతం అందుకుంటుంది, చెరువు చెరువంతా లేచిపోతుంది. ఆ లెన్సు ఖరీదు ఇంట్లో చెప్పింది ఒకటి, బిల్లు మీద ఉన్నది ఒకటి.

ఇతనికి కావలసింది లైఫరు, అంటే జన్మలో మొదటిసారి చూసిన జాతి. అది ఎంత దూరం నుంచి వస్తే అంత గొప్ప. తల వెనక రెండు నల్ల చారలుండే బార్‌హెడెడ్ గూస్ అంటే ప్రాణం. టిబెట్, మంగోలియాల్లో పిల్లల్ని పొదిగి, హిమాలయాల మీదుగా ఎగిరొచ్చి దక్కను చెరువుల్లో చలికాలం గడిపే బాతు అది. మంజీర ఒడ్డున అది గడ్డి మేస్తుంటే, గచ్చిబౌలి ట్రాఫిక్ దాటి వచ్చిన తాను దానికి సాటి ప్రయాణికుణ్ణని ఇతని భావన. బడిలో చక్రవాకాల విరహం మీద పద్యాలు బట్టీపట్టినవాడే, ఎదుట నిలిచిన నారింజరంగు బాతును రడ్డీ షెల్‌డక్ అని రాసుకుని ముందుకు సాగిపోతాడు. ఆ చక్రవాకం ఇదేనని ఎవరూ చెప్పలేదు మరి.

దూరం మీది ఈ మోజుకు పత్రికలూ తలా ఒక చేయి వేశాయి. చెట్టు మీద పెద్ద ముక్కుతో ఏది కనపడినా అది సైబీరియా అతిథే. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలోనూ, గుంటూరు దగ్గర ఉప్పలపాడులోనూ గూళ్లు కట్టే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు సైబీరియా మొహం చూసి ఎరగవు. అవి ఈ ఉపఖండం పక్షులే; నీళ్లు, చేపలు, గూటికి చెట్టు ఎక్కడ దొరికితే అక్కడికి దేశంలోనే తిరుగుతుంటాయి. ఈ మాట చెబితే పక్షిప్రేమికుడు చిన్నబుచ్చుకుంటాడు. రాజధాని నుంచి వచ్చాడనుకున్న పెళ్లికొడుకు పక్కవీధివాడని తేలినట్టుంటుంది.

ముక్కాలి స్టాండు మీద స్కోపు బిగించి నిలబడితే ఊళ్లో రైతుకు తోచేది ఒకటే.

“ఏం సార్, ఇటు రోడ్డు పడ్తదా? మా పొలం పోతదా?”

“లేదు లేదు, పక్షుల్ని చూడ్డానికొచ్చాం.”

“పిట్టలకా? గింత దూరమా?” అని రైతు కాసేపు జాలిగా చూస్తాడు. “ఈడ నీళ్లు తోడేసిన్రు సార్. నిన్న మాపటి నుంచి అవి ఆ తుమ్మల కుంటల దిగుతున్నయి.”

రెండు గంటలు స్కోపులో వెతికినా దొరకని సంగతి ఇది. కలివికోడి కథ కూడా ఇలాంటిదే. 1848లో శాస్త్రానికి తెలిసి, 1900 తర్వాత జాడలేకుండా పోయి, లేనట్టే అనుకున్న పక్షి అది. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల పొదల్లో మళ్లీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ నుంచి వచ్చిన భరత్ భూషణ్ ఊరూరా వాకబు చేయగా, దాన్ని రాత్రిపూట పట్టి తెచ్చినవాడు ఐతన్న అనే స్థానిక వేటగాడు. దానికోసమే తర్వాత శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. పక్షిప్రేమికుడు ఈ కథను ప్రతి విహారంలోనూ చెబుతాడు, ఐతన్న పేరు దగ్గరే కొంచెం తడుముకుంటాడు.

మధ్యాహ్నం నుంచి వాట్సాప్‌లో రెండో విహారం. మసక ఫోటో పెట్టి “ఐడీ ప్లీజ్” అంటాడు. బురదలో తిరిగే ఉల్లంకి పిట్టలన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి ముగ్గురు మూడు పేర్లు చెబుతారు. కాళ్ల రంగు మీద తగువు రాత్రి పదకొండు దాకా నడుస్తుంది. కాళ్లు బురదలో ఉన్నాయన్న సంగతి మర్నాడు ఎవరో గమనిస్తారు.

శివరాత్రి వెళ్లి ఎండ ముదిరితే బాతులు ఉత్తరానికి, లెన్సు బీరువాలోకి పోతాయి. గూడబాతుల గూళ్లలో పిల్లలు ఎదుగుతుండగానే ఇతని సీజను అయిపోతుంది. జూన్‌లో తొలకరితో తెలుకుంచి ఊరి చెట్ల మీదికి నత్తలు తినే ఓపెన్‌బిల్ కొంగలు దిగేటప్పుడూ ఇతను ఉండడు. వాటిని కనిపెట్టుకుని ఉండేది ఆ ఊరివాళ్లే.

అయితే ఇతని జాబితాలు మిగులుతాయి. ఎక్కువ జాతులు చూశానని తోటివాళ్లకు చూపించుకోవడానికే ఈబర్డ్ వెబ్‌సైటులో ఎక్కించినా, జనవరిలో నీటిపక్షుల గణనకు గొప్పకోసమే పోయినా, అంకె అంకే. 2023లో వచ్చిన భారత పక్షుల స్థితి నివేదిక సుమారు 30 వేల మంది ఇలా రాసిన జాబితాల మీదే నిలబడింది. 942 జాతుల్ని పరిశీలించి, 178 జాతులకు వెంటనే రక్షణ అవసరమని అది తేల్చింది.

ఇతని జాబితాలో బార్‌హెడెడ్ గూస్ ఎదురుగా 14 అనో 23 అనో జాగ్రత్తగా రాసి ఉంటుంది. నాలుగు నెలలూ ఇతని కాళ్లకు పది అడుగుల దూరంలోనే నిలబడ్డ గుడ్డికొంగ ఎదురుగా మాత్రం అంకె ఉండదు, ఎక్స్ అని ఉంటుంది. పక్షి కనిపించింది, లెక్కపెట్టలేదు అని దాని అర్థం.