బానెట్ బాబాయి

కారు మొరాయిస్తే దిగులుపడేవాళ్ళు కొందరు, విసుక్కునేవాళ్ళు కొందరు. బానెట్ బాబాయి మూడో రకం. ఇంజన్‌లో మిస్సింగ్ మొదలైందంటే ఆయన ముఖంలో కళ వస్తుంది. శనివారం సాయంత్రం బజారు నుంచి వస్తుంటే బండి కాస్త జర్క్ కొట్టిందా, పక్క సీట్లోంచి పిన్నిగారు "రేపు మా చెల్లెలింటికి వెళ్ళాలండీ" అన్న మాట ఇక చెవిన పడదు.

గుంటూరులో మా కాలనీ వాళ్ళం వెనకాల బానెట్ బాబాయి అనీ, ఎదురుగా బాబాయిగారూ అనీ అంటాం. బ్యాంకు మేనేజరుగా రిటైరయ్యారు. కొత్త కారు కొనిపెడతానని వాళ్ళబ్బాయి ఏటా అంటాడు. "దీనికేం పోయింది?" అని ఈయన ఏటా అడుగుతారు. ఏదో ఒకటి పోతూనే ఉందని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు.

బండి వ్యాగన్ ఆర్, మూడు సిలిండర్లది. అంతకుముందు ఉన్న మారుతి 800 కూడా మూడు సిలిండర్లదే. మూడింటిలో ఒకటి పని మానేస్తే ముక్కాలిపీటకి ఒక కాలు ఊడినట్టే. స్టీరింగ్ వణుకుతుంది, అద్దం వణుకుతుంది, డాష్‌బోర్డు మీది వెంకటేశ్వరస్వామి కూడా తల అడ్డంగా ఊపుతాడు. స్లోలో ఇంజన్ నిమిషానికి 800 చుట్లు తిరుగుతుందనుకుంటే, ఒక్కో సిలిండర్‌లో రెండు చుట్లకోసారి, అంటే 400 సార్లు పెట్రోలు మండాలి. "ఆ నాలుగొందలూ ఉత్తి పుణ్యానికి పోతున్నాయి చూడు" అని ఆయన అనేటప్పుడు గొంతులో మొండి బకాయిల బాధ వినిపిస్తుంది.

ఆదివారం ఏడింటికల్లా బానెట్ లేస్తుంది. ముందు గుప్పుమనేది పొగాకు వాసన. ఎలుకలు వైర్లు కొరక్కుండా బ్యాటరీ పక్కన పొగాకు కాడలు పెడతారాయన. గుంటూరులో వాటికేం కరువు? ఆ వాసనకి ఎలుకలు పోతాయో లేదో గానీ, వాకింగ్ నుంచి వచ్చే పెద్దమనుషులు మాత్రం అక్కడే ఆగుతారు. పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్ కలపబట్టే ఇదంతా అంటారొకాయన. కాదు, బంకులో నీళ్ళు కలిశాయంటారు ఇంకొకాయన. మూడో ఆయన నోరు విప్పరు. ఆయనది డీజిల్ బండి. దానికి స్పార్క్ ప్లగ్గే ఉండదు కనక మాట్లాడే హక్కు కూడా లేదని బాబాయిగారు ఎప్పుడో తేల్చేశారు.

సిలిండర్ హెడ్ అల్యూమినియంది. వేడి మీద ప్లగ్గు విప్పితే మర చెడుతుంది. ఈ నియమాన్ని బాబాయిగారు ఏనాడూ తప్పరు. అయితే మిస్సింగ్ ఎలా ఉందో నలుగురికీ వినిపించాలి కదా, అందుకని రాత్రంతా చల్లబడ్డ ఇంజన్‌ని పావుగంట నడిపి వేడెక్కిస్తారు. అది మళ్ళీ చల్లారేదాకా ఉపన్యాసం. గాలి, పెట్రోలు, నిప్పు, కంప్రెషన్: ఈ నాలుగూ ఉంటే ఇంజన్ ఆడి తీరాలి, ఆడలేదంటే నాలుగింట్లో ఏదో ఒకటి లేనట్టే. ఈలోగా హార్లిక్స్ సీసాలోంచి పాత ప్లగ్గులు బయటికొస్తాయి. ఒక్కోదానికి చుట్టిన కాగితం మీద పెన్సిలుతో తారీకు. కొస బిస్కెట్ రంగులో ఉంటే ఆరోగ్యం. నల్లగా మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది. నూనె తడి ఉంటే రింగులో, వాల్వ్ సీళ్ళో చూసుకోవాలి. ఎండకి ఎత్తిపట్టి ఆయన చెప్తుంటే నిజంగానే వినబుద్ధవుతుంది.

స్టీరింగ్ కింద పెట్టుకునే స్కానర్ వాళ్ళబ్బాయి పంపాడు. అది ఫోన్‌లో పీ0302 అని చూపిస్తుంది. రెండో సిలిండర్‌లో మిస్సింగ్ అని అర్థం. "దానికేం తెలుసు?" అని బాబాయిగారు పొడుగు స్క్రూడ్రైవర్ కొస ఇంజెక్టర్ మీద ఆనించి, పిడికి చెవి ఒగ్గుతారు. అరగంట తర్వాత రెండో సిలిండరే అని ప్రకటిస్తారు. "చూశావా, నేనన్నదే ఫోనూ అంది."

ఆ తర్వాత చేయాల్సిందేమిటో ఆయన చెప్పినంత విడమరిచి ఆటోనగర్‌లో కూడా ఎవరూ చెప్పరు. రెండో సిలిండర్ కాయిల్ మూడోదానికి, మూడోదాని కాయిల్ రెండోదానికి మార్చాలి. మిస్సింగ్ కూడా కాయిల్ వెంట మూడోదానికి వెళ్తే కాయిల్ పోయినట్టు. రెండులోనే ఉండిపోతే కాయిల్ నిక్షేపంలా ఉందన్నమాట. ప్లగ్గు, ఇంజెక్టర్ చూసుకోవాలి. పైసా ఖర్చు లేని పరీక్ష.

చిక్కల్లా ఆయన చేతితోనే. కాయిల్ ఎలాగూ విప్పాం కదా అని ప్లగ్గులు కూడా అటుదిటు చేస్తుంది. ప్లగ్గు ఎలాగూ చేతికొచ్చింది కదా అని గరుకు కాగితంతో రుద్ది, ఫీలర్ గేజి పెట్టి గ్యాప్ సరిచేస్తుంది. బానెట్ ఎలాగూ ఎత్తే ఉంది కదా అని ఎయిర్ ఫిల్టర్ దులిపి, థ్రాటిల్ బాడీ తుడుస్తుంది.

"ఏమోయ్, సెల్ఫ్ కొట్టు!"

చెల్లెలింటికని కట్టుకున్న పట్టుచీరతో పిన్నిగారు డ్రైవర్ సీట్లో కూర్చుంటారు.

"ఎక్సలేటర్ ఇవ్వు."

"ఎంత ఇవ్వమంటారు?"

"రెండు వేలు."

"పోయిన నెలే ఇచ్చాగా, బ్యాటరీకని!"

మొన్నటి ఆదివారం ఇంజన్ నిజంగానే బాగైంది. వెంకటేశ్వరస్వామి నిశ్చలంగా నిలబడ్డాడు. దేనివల్ల బాగైందో మాత్రం స్వామికే తెలియాలి. కాయిల్ కనెక్టర్ లూజయిందని బాబాయిగారు ఆదివారం చెప్పారు. బుధవారానికి అది ప్లగ్గు గ్యాప్ అయింది. శుక్రవారం నాడు గుడి దగ్గర కనిపించి థ్రాటిల్ బాడీ అన్నారు. బ్యాంకులో ఉన్నప్పుడు రూపాయి తేడా వస్తే రాత్రి తొమ్మిదింటిదాకా కూర్చుని, అది ఏ వోచర్‌లో ఉందో పట్టుకునేదాకా ఎవర్నీ ఇంటికి పోనిచ్చేవారు కారట. ఆ మనిషికి ఒక్కటి మార్చి, ఒక్కసారి స్టార్ట్ చేసి చూసే ఓపిక ఎందుకు లేదో నాకిప్పటికీ అంతుపట్టదు.

అయినా నేను ఆయన పక్షమే. చెక్ ఇంజన్ లైటు వెలిగి ఆరుతూ ఉంటే ఆ బండిని అలాగే తోలకూడదని ఈ వీధికి నేర్పింది ఆయనే. సిలిండర్‌లో మండని పెట్రోలు సైలెన్సర్ దారిన పోయి, క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండి, దాన్ని లోపల కరిగించేస్తుంది. వందల్లో తీరే ప్లగ్గు ఖర్చు వేలల్లోకి పోతుంది. మీ బండిలో ఆ లైటు అలా మిణుకుమంటే పక్కకి ఆపి, మీ వీధి బాబాయిగారికి కబురు పెట్టండి. ఒకసారికి ఒకటే మారుస్తానని ముందే మాట తీసుకోండి. టిఫిన్ మాత్రం చేసి వెళ్ళండి, మధ్యాహ్నం దాటుతుంది.