నా నెత్తి ఎప్పుడూ వేడే

కాగితాల్లో నా పేరు థర్మల్ సైక్లర్. ల్యాబ్‌లో మాత్రం పీసీఆర్ మిషన్ అంటారు, పలుకుతాను. పక్కబల్ల మీది ఇంక్యుబేటర్ పొద్దస్తమానం 37 డిగ్రీల దగ్గర కదలకుండా కూర్చుని సూక్ష్మజీవుల్ని పెంచుతుంది. నాకంత నిలకడ లేదు. 95కి ఎక్కుతాను, 55కి దిగుతాను, మళ్లీ 72. ఇలా 30 చుట్లు. ట్యూబులో నీరు ఆవిరై పైకి చేరకుండా నా మూత 105 దగ్గర కాలుతూనే ఉండాలి.

ఈ విద్య 1983లో అమెరికాలో కేరీ మలిస్ బుర్రలో పుట్టింది. 95 డిగ్రీలకు డీఎన్ఏ జంటపోగులు విడిపోతాయి. ఆ పోగులకు నకలు తీసే మామూలు ఎంజైమైతే ఆ వేడికి ఉడికిపోతుంది. ఎల్లోస్టోన్ వేడినీటి బుగ్గల్లో దొరికిన బాక్టీరియాది గనక టాక్ ఎంజైమ్ తట్టుకుంటుంది. ఒక్క తునక, 30 చుట్లు తిరిగేసరికి లెక్క ప్రకారం 107 కోట్ల పైచిలుకు.

నా దగ్గరికొచ్చేవి కాలినవాళ్ల వార్డు స్వాబులు. కాలిన కొత్తలో గాయం పైభాగం దాదాపు శుభ్రంగానే ఉంటుంది. రెండ్రోజుల్లో వెంట్రుకల కుదుళ్లలో దాక్కున్న స్టెఫైలోకాకస్ బాక్టీరియా పైకొస్తుంది. వారం తిరిగేసరికి సూడోమోనాస్ దిగుతుంది. ఇంక్యుబేటర్ రెండు మూడు రోజులకు చెప్పే పేరు నేను ఒక్క పూటలో చెబుతాను. మెక్‌ఏ జన్యువు కనిపిస్తే, ఆ స్టెఫైలోకాకస్ మెథిసిలిన్ కుటుంబం మందులకు లొంగదనీ చెబుతాను.

అయినా కట్టు విప్పే సిస్టర్ నాకంటే ముందే ఉంటుంది. గాజుగుడ్డ మీద పచ్చటి మరక, పులిసిన ద్రాక్షపళ్ల వాసన. "సూడోమోనాసే మేడం, రాసేసుకోండి" అంటుంది మా ల్యాబ్ మేడంతో. గంటల తరబడి ఎక్కీ దిగీ నేను చెప్పేదీ అదే.

ఒకరోజు పరువు పోయింది. చివరి ట్యూబులో ఉత్త నీళ్లు పోస్తారు, నా నిజాయితీ చూడ్డానికి. జెల్ మీద ఆ నీళ్ల వరసలోనూ గీత మెరిసింది! ఆరోజు నేను వెతికింది 16ఎస్ జన్యువును, అది లేని బాక్టీరియా ఉండదు. రసాయనంలో ఎక్కడి తునకో చేరితే దాన్నీ కోట్లు చేసేశాను. ఆనాటి ఫలితాలన్నీ చెత్తబుట్టకే. ఇంక్యుబేటర్ ఒక్క మాటా అనలేదు. అదే ఎక్కువ మండింది.

చచ్చిన సూక్ష్మజీవికీ బతికున్నదానికీ నాకు తేడా తెలీదు. మొన్న వారంగా మందు పడుతున్న ఒకాయన స్వాబ్‌లో సూడోమోనాస్ ఉందన్నాను. ఇంక్యుబేటర్ ప్లేటు ఖాళీ. మేడం ప్లేటును వెలుతురుకు పట్టి చూసింది, నా ఫలితం చూసింది, మళ్లీ ప్లేటు చూసింది.

"సిస్టర్‌ని పిలవండి. వాసనొస్తోందేమో అడుగుదాం."