కాటా ఎక్కకపోతే నలభై వేలే!

ఓవర్‌లోడ్ లారీల బెడదను కేంద్రం 2018 జులైలోనే చాలావరకు వదిలించేసింది. చెక్‌పోస్టులు పెంచి కాదు. నిన్నటిదాకా ఓవర్‌లోడ్ అన్నదాంట్లో కొంత ఇవాళ్టి నుంచి లోడే అంది. రెండు ఇరుసుల లారీ సరుకుతో కలిపి 16.2 టన్నులు దాటకూడదన్నది 18.5 అయింది. మూడు ఇరుసుల దానికి 25 కాస్తా 28.5 అయింది. తెల్లారేసరికి ఎంతమంది డ్రైవర్లు సచ్ఛీలురై నిద్ర లేచారో!

ఈ సంగతి రోడ్డుకు మాత్రం ఎవరూ చెప్పలేదు. 1950ల చివర్లో అమెరికాలోని ఇల్లినాయిస్‌లో పరీక్ష కోసమే రోడ్లు వేసి, వాటి మీద లారీలు తిప్పి చూశారు. ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు తగిలే దెబ్బ సుమారు పదహారు రెట్లని తేలింది. మన కొత్త లెక్కలో నాలుగు టైర్ల ఇరుసుకు 10.2 టన్నుల నుంచి 11.5కు అనుమతి ఇచ్చారు. బరువు పెరిగింది పదమూడు శాతమే. అదే సూత్రం ప్రకారం దెబ్బ అరవై శాతం పెరుగుతుంది. ట్రిప్పులు తగ్గుతాయి కదా అంటారు. తగ్గుతాయి, పెరిగిన దెబ్బకు సరిపడేంతైతే తగ్గవు.

ఇక జరిమానాల దగ్గరికొద్దాం. అసలు రసమంతా అక్కడే ఉంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం ఓవర్‌లోడ్‌కు 20 వేలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకూ 2 వేలు. కాటా ఎక్కనని మొండికేసినా, తూచేలోపు సరుకు దించేసినా 40 వేలు. డ్రైవరన్నా, కాస్త లెక్క చూడు. పది టన్నులు ఎక్కువేస్తే జరిమానా సరిగ్గా 40 వేలు. పదిహేను టన్నులేస్తే 50 వేలు. కాటా ఎక్కకపోతే 40 వేలే! అంటే బరువు పెరిగేకొద్దీ మొండితనం చవకవుతుంది. బల్క్ డిస్కౌంట్ ఇచ్చే చట్టం ఇంకెక్కడన్నా ఉందా?

ఒకప్పుడు కొన్ని రాష్ట్రాలకు ఈ మాత్రం మొహమాటం కూడా లేదు. ముందే డబ్బు కట్టించుకుని ఓవర్‌లోడ్‌కు గోల్డ్ కార్డులిచ్చేవి. 2005లో సుప్రీంకోర్టు అది కుదరదంది. కార్డు పోయింది, మామూలు మిగిలింది.

 

అదనపు సరుకు దించేదాకా బండి కదలకూడదనీ చట్టంలో ఉంది. పది టన్నుల కంకరను నడిరోడ్డు మీద ఎవరు దించుతారు, ఎక్కడ పోస్తారు? అందుకే కంకర దిగదు, చలానా మాత్రం తెగుతుంది.

నిజానికి లారీ బరువు తెలుసుకోవడానికి రోడ్డు మీద కాపు కాయనక్కర్లేదు. క్రషర్‌లో, క్వారీలో కాటా వేశాకే బిల్లు రాస్తారు. డబ్బు వసూలు చేసుకోవడానికి ఆ తూకం కిలోలతో సహా పక్కాగా ఉంటుంది. బండి గేటు దాటగానే ఆ బరువు ఎవరికీ తెలియని రహస్యమైపోతుంది. డ్రైవరొక్కడే దొరుకుతాడు.

రవాణా మంత్రులకు ఒక్కటే మనవి. జరిమానా వేసే పుస్తకాన్ని ఆ గేటు దగ్గర పెట్టించండి. తూకం చీటీ ఇచ్చినవాడి పేరే మొదట రాయించండి.